సూదికి ముందు స్కాన్

ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందేమోనన్న అనుమానంతో ఆస్పత్రికి వచ్చిన మగవాడికి దాదాపు మూడు దశాబ్దాల పాటు ఒకటే తీరున పరీక్ష జరిగింది. మలద్వారం గుండా అల్ట్రాసౌండ్ గొట్టం పెట్టి, గ్రంథి ఎక్కడుందో చూసుకుని, కుడివైపు కొన్ని చోట్ల, ఎడమవైపు కొన్ని చోట్ల సూది గుచ్చి ముక్కలు తీసేవారు. గ్రంథి కనిపించేది. అందులో ఉన్న గడ్డ మాత్రం చాలాసార్లు కనిపించేది కాదు. రొమ్ములో గడ్డ ఉంటే మామోగ్రామ్‌లోనో అల్ట్రాసౌండ్‌లోనో చూసి సరిగ్గా అక్కడే సూది పెడతారు. థైరాయిడ్‌కైనా, కాలేయానికైనా అదే పద్ధతి. ప్రోస్టేట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, సర్వే చేయించకుండా పొలంలో పన్నెండు బోర్లు వేసినట్టుగా వైద్యం నడిచింది. పడితే పడినట్టు, లేకపోతే లేదు.

ఈ పద్ధతిని కనిపెట్టినవారిని తప్పుపట్టడానికి లేదు. 1989లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు అల్ట్రాసౌండ్ సాయంతో ఒక క్రమంలో ఆరు ముక్కలు తీసే విధానాన్ని ప్రచురించినప్పుడు అది నిజంగా ముందడుగే. అంతకుముందు వేలితో తడిమి, గట్టిగా తగిలిన చోట గుచ్చేవారు. ఆరు ముక్కలు కాలక్రమంలో పది, పన్నెండు అయ్యాయి. సంఖ్య పెరిగినా గుచ్చేవాడికి గడ్డ కనిపించకపోవడం మాత్రం మారలేదు. అది మారింది ఎమ్మారై వచ్చాకే. వైద్యం చదవని పదిమందికీ అర్థమయ్యేలా ఒక వైద్య విషయం చెప్పాలన్నది ఈ స్మారకోపన్యాసానికి పెట్టిన షరతు. ఆ షరతుకు ఈ మార్పు కంటే తగిన విషయం దొరకడం కష్టం. ఎందుకంటే ఈ సభలో కూర్చున్న యాభై దాటిన ప్రతి మగవాడికీ, అతని ఇంట్లోవాళ్లకీ ఇది ఏదో ఒకనాడు ఎదురుకాగల ప్రశ్న.

కథ సాధారణంగా ఒక రక్తపరీక్ష కాగితంతో మొదలవుతుంది. మూత్రం సన్నగా వస్తోందనో, రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తోందనో డాక్టరు దగ్గరికి వెళ్తే పీఎస్‌ఏ రాస్తారు. మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో అయితే అడగకుండానే అది ఉంటుంది. పీఎస్‌ఏ అంటే ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్. న్యూయార్క్ రాష్ట్రంలోని రాస్‌వెల్ పార్క్ సంస్థ పరిశోధకులు 1979లో దీన్ని శుద్ధి చేశారు. చికిత్స పొందినవారిని గమనించడానికి 1986లోనూ, క్యాన్సర్‌ను పసిగట్టడానికి 1994లోనూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. చిక్కేమిటంటే ఈ ప్రోటీన్ ప్రోస్టేట్‌ది, క్యాన్సర్‌ది కాదు. వయసుతో గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, క్యాథెటర్ వేసినా పెరుగుతుంది. పీఎస్‌ఏ అంకె నాలుగు లోపు ఉంటే నిశ్చింత అనుకోవడానికీ లేదు. 2004లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, నాలుగు దాటనివారికి కూడా బయాప్సీ, అంటే సూదితో ముక్కలు తీసే పరీక్ష, చేసి చూస్తే నూటికి పదిహేనుమందిలో క్యాన్సర్ కణాలు దొరికాయి. 1970లోనే ప్రోస్టేట్‌కు సంబంధించిన యాంటిజెన్‌ను గుర్తించిన రిచర్డ్ ఆబ్లిన్ అనే శాస్త్రవేత్త, ఈ పరీక్షను మగవాళ్లందరికీ మూకుమ్మడిగా చేయడం పెద్ద పొరపాటని 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు.

ఆయన ఆవేదనకు కారణం ఉంది. క్యాన్సర్ అన్న మాట వినగానే ప్రాణం పోతుందని భయపడటం మనకు అలవాటు. కానీ ప్రోస్టేట్‌లో వచ్చే క్యాన్సర్లన్నీ ఒక రకానివి కావు. 1960లలో మినియాపొలిస్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేసిన డొనాల్డ్ గ్లీసన్ అనే పాథాలజిస్టు, సూక్ష్మదర్శిని కింద కణాలు ఏ అమరికలో ఉన్నాయో చూసి తీవ్రతను అంచనా వేసే పద్ధతి రూపొందించాడు. ఇప్పటికీ క్యాన్సర్ తేలిన ప్రతి బయాప్సీ రిపోర్టులోనూ ఆయన పేరు మీద ఒక అంకె ఉంటుంది. ఆరు అయితే మందకొడి క్యాన్సర్. ఎనిమిది, తొమ్మిది, పది అయితే దూకుడుది. ఏడు నడిమధ్యన ఉంటుంది, అందులోనూ మెతకది ఒకటి, కరకుది ఒకటి. ఆరు వచ్చిన మనిషి ఆ క్యాన్సర్‌తోనే ముప్ఫై ఏళ్లు బతికి, చివరికి వేరే కారణంతో పోవచ్చు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనం 1,643 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆపరేషను, ఒక జట్టుకు రేడియేషను, ఒక జట్టుకు కేవలం పర్యవేక్షణ ఇచ్చింది. పదిహేనేళ్ల తర్వాత 2023లో ఫలితం చూస్తే, మూడు జట్లలో కలిపి ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి ముగ్గురు కూడా లేరు. ఆపరేషను చేయించుకున్నవారిలో మూత్రం మీద పట్టు తప్పడం, దాంపత్య జీవితం దెబ్బతినడం మాత్రం ఎక్కువగా కనిపించాయి.

కాబట్టి గుడ్డిగా గుచ్చే సూదితో నష్టం రెండు వైపులా ఉంది. అవసరం లేని చోట ఓ చిన్న మందకొడి క్యాన్సర్‌ను తవ్వి తీసి, మనిషిని జీవితాంతం రోగిని చేసేది. నిజంగా ప్రమాదకరమైన గడ్డ గ్రంథి ముందుభాగంలో దాగి ఉంటే పన్నెండు ముక్కలూ దాని పక్కనుంచే పోయి, రిపోర్టు శుభ్రంగా వచ్చేది. ఆ రిపోర్టు చూసి ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేవారు. రెండేళ్లకు పీఎస్‌ఏ ఇంకా పెరిగేది, మళ్లీ గుచ్చేవారు.

ఎమ్మారై దీన్ని ఎలా మార్చిందో తెలియాలంటే యంత్రం ఏం చూస్తుందో కొంచెం తెలియాలి. శరీరంలో అధికభాగం నీరే. నీటి అణువులో హైడ్రోజన్ ఉంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో మనిషిని పడుకోబెట్టి రేడియో తరంగాలు పంపితే హైడ్రోజన్ కేంద్రకాలు వాటికి స్పందించి తిరిగి సంకేతం ఇస్తాయి. ఆ సంకేతం ఎక్కడినుంచి వచ్చిందో పట్టి చిత్రంగా మార్చే దారిని 1973లో పాల్ లాటర్‌బర్ చూపాడు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దాన్ని వేగవంతం చేశాడు. 2003లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 1977 జులై 3న రేమండ్ డమాడియన్ బృందం ఒక మనిషి ఛాతీకి తొలి స్కాన్ తీయడానికి దాదాపు ఐదు గంటలు పట్టింది. అదే పనికి ఇప్పుడు నిమిషాలు చాలు. ఎక్స్‌రే, సీటీలలో ఉండే రేడియేషన్ ఇందులో లేదు.

ప్రోస్టేట్‌కు ఒకే పూటలో మూడు రకాల చిత్రాలు తీస్తారు. మొదటిది గ్రంథి నిర్మాణాన్ని చూపేది. ప్రోస్టేట్ వెలుపలి భాగంలోని చిన్న గ్రంథుల నిండా ద్రవం ఉంటుంది కనుక అది తెల్లగా వెలుగుతుంది. అక్కడ క్యాన్సర్ మొలిస్తే నల్లని మచ్చ పడుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఈ వెలుపలి భాగంలోనే పుడతాయి. అయితే పాత వాపు, ఇన్ఫెక్షన్ మచ్చ కూడా నల్లగానే కనిపిస్తాయి. అందుకే రెండో చిత్రం కావాలి. ఇది నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో కొలుస్తుంది. 1980ల మధ్యలో ఫ్రాన్స్‌కు చెందిన డెనిస్ ల బిహాన్ ఈ విధానాన్ని వైద్యంలోకి తెచ్చాడు. క్యాన్సర్ కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. వాటి మధ్య నీరు కదలలేదు. కదలని చోటును యంత్రం పట్టేస్తుంది. కణాల దూకుడు పెరిగేకొద్దీ ఈ కదలిక తగ్గుతుంది కాబట్టి, మచ్చ ఉందన్న మాటతో పాటు అది ఎంత చెడ్డదన్న సూచన కూడా అందుతుంది. మూడోది గెడోలినియం అనే మందు నరంలోకి ఎక్కించి తీసేది. క్యాన్సర్ ఉన్న చోట రక్తం త్వరగా చేరి మెరుస్తుంది.

నాలుగో పద్ధతి కూడా ఒకటి ఉండేది, అది ఒక తెలుగువాడి పనిని గుర్తుచేస్తుంది. కణజాలంలో ఏ రసాయనం ఎంత ఉందో చెప్పే స్పెక్ట్రోస్కోపీ అది. కండరానికి ఈ పరీక్ష చేస్తే స్పష్టంగా పైకి లేచే ఒక శిఖరం ఫాస్ఫోక్రియాటిన్‌ది. ఆ పదార్థాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెల్లడించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ప్రోస్టేట్‌లో వెతికేది ఫాస్ఫోక్రియాటిన్‌ను కాదు, సిట్రేట్‌ను. ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్‌లో సిట్రేట్ సమృద్ధిగా ఉంటుంది, క్యాన్సర్ వస్తే అది పడిపోయి కోలిన్ పెరుగుతుంది. 1990లలో కాలిఫోర్నియా పరిశోధకులు దీనిమీద చాలా ఆశ పెట్టుకున్నారు. కానీ పరీక్షకు సమయం ఎక్కువ పట్టింది, నైపుణ్యం ఎక్కువ కావాల్సి వచ్చింది, ఫలితంలో అదనంగా ఒరిగింది తక్కువ. నేటి ప్రామాణిక పరీక్షలో దానికి చోటు లేదు.

చిత్రం ఉన్నంతమాత్రాన చాలదు. ఒకే చిత్రాన్ని ఒక రేడియాలజిస్టు క్యాన్సర్ అనీ, మరొకరు వాపనీ అంటే రోగి ఏమైపోవాలి? 2012లో యూరోపియన్ రేడియాలజిస్టులు పైరాడ్స్ అనే కొలమానం తెచ్చారు. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. ఒకటి, రెండు అయితే ప్రమాదకరమైన క్యాన్సర్ ఉండే అవకాశం తక్కువ. నాలుగు, ఐదు అయితే ఎక్కువ. మూడు సందేహం. ఈ నియమాలను తర్వాత రెండుసార్లు సవరించారు, చివరిది 2019లో. రిపోర్టులో ఈ అంకె లేకుండా రెండు వాక్యాలు రాసి పంపితే ఆ స్కాన్‌కు పెట్టిన డబ్బు సగం వృథా అయినట్టే.

ఇదంతా నిజంగా పనికొస్తుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబు ఇచ్చినది బ్రిటన్‌లో జరిగిన ప్రామిస్ అధ్యయనం. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎమ్మారై సరిగ్గా చెప్పిందో లేదో తేల్చాలంటే గ్రంథిలో నిజంగా ఏముందో తెలియాలి. పాత బయాప్సీనే కొలబద్దగా పెట్టుకుంటే లాభం లేదు, అదే గుడ్డిది. అందుకని అధ్యయనంలో చేరిన 576 మందికి మొదట ఎమ్మారై తీశారు. తర్వాత మత్తు ఇచ్చి, గ్రంథి మొత్తాన్ని ఐదేసి మిల్లీమీటర్ల దూరంలో సూదులతో గాలించారు. దానితోపాటే పాత పద్ధతి బయాప్సీ కూడా చేశారు. ఒక పరీక్ష ఫలితం మరో పరీక్ష చేసేవారికి తెలియనివ్వలేదు. తమకు నేరుగా పెద్దగా లాభం లేకపోయినా, తర్వాత వచ్చేవారి కోసం అన్ని సూదులు భరించిన ఆ పేరు తెలియని మగవారికి ప్రపంచం రుణపడి ఉంది.

2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ప్రమాదకరమైన క్యాన్సర్ ఉన్న ప్రతి వందమందిలో ఎమ్మారై 93 మందిని పట్టుకుంది. పాత బయాప్సీ పట్టుకున్నది 48 మందినే. అంటే దశాబ్దాలుగా ప్రామాణికమనుకున్న పరీక్ష సగానికి పైగా వదిలేస్తూ వచ్చింది. మరో వైపు కూడా చూడాలి. అలాంటి క్యాన్సర్ లేనివారిలో లేదని ఎమ్మారై చెప్పగలిగింది 41 శాతం మందికే. మిగిలినవారికి అనుమానం అంటగట్టింది. కనుక స్కాన్‌లో మచ్చ కనిపించగానే క్యాన్సర్ ఖాయమని గుండె జారిపోనక్కర్లేదు, బయాప్సీతోనే అది తేలాలి. స్కాన్‌లో ఏమీ లేనివారిని వదిలిపెడితే నూటికి 27 మందికి సూది తప్పుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. మన ఊళ్లకు పనికొచ్చే వివరం ఇందులో ఇంకొకటి ఉంది. ఈ అధ్యయనం జరిగింది మూడు టెస్లాల అయస్కాంత బలమున్న అత్యంత ఖరీదైన యంత్రం మీద కాదు. మన పట్టణాల్లోని డయాగ్నస్టిక్ సెంటర్లలో సాధారణంగా కనిపించే ఒకటిన్నర టెస్లాల యంత్రం మీదే.

మరుసటి ఏడాది వచ్చిన ప్రెసిషన్ అధ్యయనం ఆ లెక్కను ఆచరణలో పరీక్షించింది. 11 దేశాల్లోని 25 కేంద్రాల్లో 500 మందిని రెండు జట్లుగా చీల్చారు. ఒక జట్టుకు నేరుగా పాత బయాప్సీ. రెండో జట్టుకు ముందు ఎమ్మారై, మచ్చ కనిపిస్తేనే, అదీ మచ్చలోనే సూది. ప్రమాదకరమైన క్యాన్సర్ పాత పద్ధతిలో 26 శాతం మందిలో దొరికితే, స్కాన్ జట్టులో 38 శాతం మందిలో దొరికింది. పట్టించుకోనక్కర్లేని మందకొడి క్యాన్సర్ పాత పద్ధతిలో 22 శాతం, స్కాన్ జట్టులో 9 శాతం. స్కాన్ జట్టులో 28 శాతం మంది అసలు సూది లేకుండానే ఇంటికి వెళ్లారు. కావలసినది ఎక్కువ దొరకడం, అక్కర్లేనిది తక్కువ దొరకడం, బాధ తగ్గడం మూడూ ఒకేసారి జరగడం వైద్యంలో అరుదు. 2019లో బ్రిటన్ ఎమ్మారైని తొలి పరీక్షగా చేసింది. యూరప్ యూరాలజిస్టుల సంఘం కూడా అదే ఏడాది అదే మాట చెప్పింది.

క్యాన్సర్ ఉందని తేలాక కూడా ఆ చిత్రంతో పని ఉంటుంది. గడ్డ గ్రంథి పొరను చీల్చుకుని బయటికి వచ్చిందా, శుక్రకోశాల్లోకి పాకిందా, పక్కనే సాగే నరాలకు ఎంత దగ్గరగా ఉందన్నది సర్జన్ ముందుగా చూసుకుంటాడు. ఆ నరాలను కాపాడటం మీదే ఆపరేషను తర్వాతి దాంపత్య జీవితం చాలావరకు ఆధారపడి ఉంటుంది. సూక్ష్మస్థాయిలో పొర దాటితే మాత్రం ఎమ్మారైకి అందకపోవచ్చు. రేడియేషన్ వైద్యులకూ ఇది దారి చూపింది. నెదర్లాండ్స్, బెల్జియంలలో 571 మంది మీద జరిగిన ఫ్లేమ్ అధ్యయనంలో, ఒక జట్టుకు మామూలు చికిత్సతో పాటు ఎమ్మారైలో కనిపించిన గడ్డకు అదనపు మోతాదు ఇచ్చారు. ఐదేళ్లకు వ్యాధి తిరగబెట్టనివారు మామూలు చికిత్సలో 85 శాతం, అదనపు మోతాదుతో 92 శాతం. చెప్పుకోదగ్గ అదనపు దుష్ప్రభావాలూ కనిపించలేదు. ఇక ఆపరేషను వద్దనుకుని పర్యవేక్షణలో ఉన్నవారికి, మచ్చ పెరుగుతోందా లేదా అని స్కాన్‌తో చూసుకుంటూ ఉండే వీలు కలిగింది.

ఎమ్మారై చూడలేనివి కూడా ఉన్నాయి. ప్రామిస్ లెక్కలోనే నూటికి ఏడుగురు తప్పిపోయారు. కాబట్టి స్కాన్ బాగున్నా, గ్రంథి పరిమాణంతో పోలిస్తే పీఎస్‌ఏ ఎక్కువగా ఉంటే, లేదా తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే, డాక్టరు బయాప్సీ సలహా ఇవ్వడంలో అర్థం ఉంది. తుంటి మార్పిడి చేయించుకున్నవారిలో ఆ లోహం చిత్రాన్ని చెడగొట్టవచ్చు. మలాశయంలో గాలి నిండినా చిత్రం వంకరపోతుంది. అన్నిటికంటే మన దగ్గర తరచూ జరిగే తప్పు వరస తారుమారు కావడం. ముందు బయాప్సీ చేసి, క్యాన్సర్ తేలాక ఎమ్మారైకి పంపుతారు. సూది గాట్ల రక్తం వారాల తరబడి గ్రంథిలో నిలిచి, నిజం మచ్చకూ నెత్తురు మరకకూ తేడా తెలియకుండా చేస్తుంది. చదివేవారి అనుభవం మరో సంగతి. మెదడు, వెన్ను స్కాన్లు రోజూ చదివే రేడియాలజిస్టుకు ప్రోస్టేట్ కొత్త కావచ్చు. చదివిన మచ్చల్లో ఎన్ని నిజమయ్యాయో పాథాలజీ రిపోర్టులతో సరిచూసుకుంటేనే కన్ను కుదురుతుంది.

ఖర్చు, సమయం తగ్గే దారి కూడా తెరుచుకుంది. 12 దేశాల్లో జరిగిన ప్రైమ్ అధ్యయనం 2025లో వెలువడింది. గెడోలినియం ఎక్కించే మూడో భాగాన్ని వదిలేసినా, ప్రమాదకరమైన క్యాన్సర్ 29 శాతం మందిలో, అంటే పూర్తి స్కాన్‌లో దొరికినంతే దొరికింది. చిత్రం నాణ్యంగా ఉండాలన్నదే అందులోని షరతు. స్కాన్ కోసం నరంలో సూది లేదు, మందు లేదు, పావుగంట, ఇరవై నిమిషాల పని. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది మరీ ఊరట. కృత్రిమ మేధ కూడా సాయానికి వస్తోంది. 2024లో ప్రచురితమైన పైకై అధ్యయనంలో కంప్యూటరు 20 దేశాలకు చెందిన 62 మంది రేడియాలజిస్టుల సగటు కంటే మెరుగ్గా చదివింది. అనుభవజ్ఞులు దొరకని చోట్ల ఇది ఉపయోగపడాలి. వారి స్థానాన్ని భర్తీ చేస్తుందని అనడం మాత్రం తొందరపాటు.

ఇక మన సంగతి. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా సుమారు 38 వేలమందికి కొత్తగా ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడుతోంది. ఆయుర్దాయం పెరిగేకొద్దీ ఈ సంఖ్య పెరుగుతుంది. ప్రపంచవ్యాప్తంగా 2020లో 14 లక్షలున్న కొత్త కేసులు 2040 నాటికి 29 లక్షలవుతాయని లాన్సెట్ కమిషన్ 2024లో హెచ్చరించింది. పాశ్చాత్య దేశాల సమస్య అక్కర్లేని క్యాన్సర్‌ను వెతికి పట్టడం. మన ఊళ్లలో దానికి ఎదురు సమస్య. నడుము నొప్పి అని ఆరు నెలలు మాత్రలు మింగి, తైలాలు రాసుకుని, చివరికి వెన్నుపూసలోకి పాకిన క్యాన్సర్‌తో వచ్చే పెద్దమనుషులను తెలుగు యూరాలజిస్టులు చూస్తూనే ఉన్నారు. అప్పటికే పీఎస్‌ఏ వందల్లో ఉండి ఎముకలకు వ్యాపించినవారికి ఈ స్కాన్ ముందుగా తీయాల్సిన అవసరం లేదు, వెంటనే చికిత్స మొదలు కావాలి. ఎమ్మారై ఉపయోగం ఆ దశకు ముందు వచ్చేవారికే. మూత్రం సంగతి కొడుకుతో చెప్పుకోవడానికి తండ్రి మొహమాటపడే ఇళ్లలో ఆ దశ తరచూ జారిపోతోంది.

స్కాన్‌లో మచ్చ చూసి తీసే ముక్కలు కూడా మలద్వారం గుండా కాక, వృషణాలకూ మలద్వారానికీ మధ్యనున్న చర్మం గుండా తీయడం మంచిదని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. పేగులోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసే ప్రమాదం అందులో తక్కువ. యాంటీబయాటిక్స్‌కు లొంగని క్రిములు ఇంతగా ఉన్న మన దేశంలో ఈ మాటకు బరువు ఎక్కువ.

యాభై దాటినవారు, ఇంట్లో ఈ జబ్బు చరిత్ర ఉంటే నలభై అయిదు దాటినవారు, ఒకసారి యూరాలజిస్టుతో మాట్లాడాలి. పీఎస్‌ఏ ఎక్కువ వస్తే, ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకుని కొన్ని వారాల తర్వాత ఇంకోసారి చేయించాలి. అప్పటికీ ఎక్కువే ఉంటే బయాప్సీ బల్ల మీదికి ఎక్కేముందు, ఎమ్మారై తీశారా, పైరాడ్స్ అంకె ఎంత అని అడగాలి. అలా అడగడం డాక్టరును శంకించడం కాదు. బోధనాసుపత్రుల్లో ప్రోస్టేట్ స్కాన్ చదవడం పీజీ విద్యార్థులకు శ్రద్ధగా నేర్పాలి. యూరాలజిస్టు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు వారానికొకసారైనా కలిసి కూర్చుని చిత్రాలను, ముక్కలను పోల్చుకోవాలి. బయాప్సీకి ముందు తీసే ఈ స్కాన్ ఖర్చు పేదవాడి జేబు మీద పడకుండా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చూడాలి. గెడోలినియం లేని పావుగంట స్కాన్ అయితే జిల్లా కేంద్రంలో ఇప్పుడున్న యంత్రం మీద కూడా అది సాధ్యమే.